హెలికోబాక్టర్ పైలోరీ

హెలికోబాక్టర్ పైలోరీ మానవుల జీర్ణాశయపు లోపలి పొరపై నివసించే ఒక బాక్టీరియా. ప్రపంచ జనాభాలో ఇంచుమించు సగం మందిలో ఇది ఉన్నదని అంచనా. ఇది సాధారణంగా పసితనంలో శరీరంలో ప్రవేశిస్తుంది. చికిత్స చేయకపోతే జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. ఇది ఉన్నవారందరిలోను జీర్ణాశయపు పొరలో కొంత తాపము కలుగుతుంది. అయినా వారిలో చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి దీర్ఘకాలపు అజీర్తి కలుగుతుంది. పదిమందిలో ఒకరిద్దరికి జీర్ణాశయంలో గాని, చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో గాని పుండు పడుతుంది. నూటికి ఒకరి నుండి ముగ్గురికి ఏళ్ళ తరబడి సాగిన తాపము జఠర క్యాన్సరుకు దారితీస్తుంది.

ఈ సంఖ్యల వలన రెండు విషయములు బోధపడతాయి. అజీర్తి ఉన్నంత మాత్రాన, ఈ సూక్ష్మజీవి ఉన్నంత మాత్రాన క్యాన్సరు వచ్చిందని భయపడనవసరం లేదు. అయితే జఠర క్యాన్సరుకు తెలిసిన కారణములలో ఇదే ప్రధానమైనది, మందులతో తొలగించగలిగినది కూడా. కనుక దీర్ఘకాలపు అజీర్తిని 'గ్యాస్' అని సరిపెట్టుకొని ఏళ్ళ తరబడి బిళ్ళలతో అణచివేయటం మంచిది కాదు.

## పేరు

గ్రీకు భాషలో 'హెలిక్స్' అంటే మెలిక, 'పైలోరస్' అంటే ద్వారపాలకుడు. జీర్ణాశయము చిన్నప్రేగులోనికి తెరుచుకొనే చోటును వైద్యులు పైలోరస్ అంటారు. ఆ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే మెలికల బాక్టీరియా కనుక దీనికి ఈ పేరు వచ్చింది. తొలిరోజులలో దీనిని కాంపైలోబాక్టర్ ప్రజాతికి చెందినదిగా భావించి ఆ పేరుతోనే పిలిచారు. అది వేరే ప్రజాతి అని తేలిన తరువాత 1989లో ఇప్పటి పేరు పెట్టారు.

## చరిత్ర

జీర్ణాశయంలో మెలికలు తిరిగిన సూక్ష్మజీవులు ఉన్నాయని 19వ శతాబ్దపు చివరలోనే కొందరు గమనించారు. ఇటలీకి చెందిన బిజ్జోజెరో 1893లో కుక్కల జీర్ణాశయంలో వీటిని చూశాడు. కాని 1954లో అమెరికాలో పామర్ అనే వైద్యుడు వెయ్యికి పైగా జీర్ణాశయపు నమూనాలను పరిశీలించి, వాటిలో ఏ బాక్టీరియా లేదని ప్రకటించాడు. అంతటి ఆమ్లములో ఏ జీవీ బ్రతకలేదన్న నమ్మకము దానితో బలపడింది. పుండ్లకు కారణము మానసిక ఆందోళన, కారము, మసాలాలు, ఆమ్లము ఎక్కువగా ఊరటము అని వైద్య విద్యార్థులకు బోధించేవారు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాయల్ పెర్త్ ఆసుపత్రి వ్యాధి విజ్ఞాని రాబిన్ వారెన్ 1979లో, తాపము చెందిన జీర్ణాశయపు ముక్కలలో ఈ బాక్టీరియాను మళ్ళీ మళ్ళీ గమనించాడు. 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో చేరాడు. వారు ఈ జీవిని ప్రయోగశాలలో పెంచటానికి చేసిన తొలి ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. మామూలుగా రెండు రోజులలో ఏమీ పెరగకపోతే ఆ పాత్రలను పారవేసేవారు. 1982 ఏప్రిల్‌లో ఈస్టరు సెలవుల వలన పాత్రలు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. సెలవుల తరువాత చూస్తే బాక్టీరియా పెరిగి ఉన్నది. ఇది నెమ్మదిగా పెరిగే జీవి అని అప్పుడు తెలిసింది.

వైద్యలోకము వెంటనే నమ్మలేదు. 1984లో మార్షల్ తన జీర్ణాశయము ఆరోగ్యంగా ఉన్నదని పరీక్షలో ముందుగా నిర్ధారించుకొని, ఈ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే త్రాగాడు. కొద్ది రోజులలో ఆయనకు వికారము, వాంతులు, నోటి దుర్వాసన మొదలయ్యాయి. పదవ రోజున చేసిన ఎండోస్కోపీలో జీర్ణాశయంలో తీవ్ర తాపము, దానితోపాటు బాక్టీరియా కనిపించాయి. 1994లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ దీనిని మానవులలో క్యాన్సరు కలిగించేవాటి మొదటి తరగతిలో చేర్చింది. 1997లో దీని జన్యుపటము పూర్తిగా వెలువడింది. 2005లో వారెన్, మార్షల్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వారెన్ 2024లో మరణించాడు.

## స్వరూపము, జీవన విధానము

ఈ బాక్టీరియా పొడవు సుమారు 3 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో వేయవ వంతుకు మూడు రెట్లు. దీనికి ఒక చివర నాలుగు నుండి ఆరు కశాభములు, అనగా కొరడా వంటి తోకలు ఉంటాయి. వాటి సాయంతో మెలికలు తిరుగుతూ జీర్ణాశయపు గోడను కప్పి ఉండే చిక్కని జిగురుపొరలోనికి చొచ్చుకొనిపోతుంది. గాలిలో ఉండేంత ప్రాణవాయువు దీనికి పనికిరాదు. తక్కువ ప్రాణవాయువు ఉన్నచోటనే పెరుగుతుంది.

ఆమ్లము నుండి ఇది తనను కాపాడుకొనే పద్ధతి విశేషమైనది. ఇది యూరియేజ్ అనే ఎంజైమును పెద్ద మొత్తంలో తయారు చేస్తుంది. జీర్ణరసంలో కొద్దిగా ఉండే యూరియాను ఆ ఎంజైము అమోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. అమోనియా క్షారగుణము కలది కనుక బాక్టీరియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థపరుస్తుంది. జిగురుపొర అడుగుకు చేరిన తరువాత అక్కడ ఆమ్లతీవ్రత ఎటూ తక్కువే.

ఈ బాక్టీరియాలన్నీ ఒకేలా హాని చేయవు. కొన్ని తెగలలో 'క్యాగ్-ఏ' అనే మాంసకృత్తు ఉంటుంది. ఇటువంటి తెగలు సూది వంటి నిర్మాణంతో దానిని జీర్ణాశయపు కణములలోనికి ఎక్కిస్తాయి. అది కణముల పెరుగుదలను, వాటి అతుకులను అస్తవ్యస్తం చేస్తుంది. 'వ్యాక్-ఏ' అనే మరొక విషము కణములలో బుడగలు ఏర్పరచి దెబ్బతీస్తుంది. క్యాగ్-ఏ గల తెగలు సోకినవారిలో పుండ్లు, క్యాన్సరు ఎక్కువగా కనిపిస్తాయి.

## సంక్రమణ

ఇది ప్రధానంగా కుటుంబంలోనే, పెద్దల నుండి, ముఖ్యంగా తల్లి నుండి పసిపిల్లలకు సంక్రమిస్తుంది. లాలాజలము, వాంతి, మలము ఇందుకు మార్గములు. అన్నము నమిలి బిడ్డ నోట పెట్టటము, ఒకే గరిటెతో రుచి చూసి బిడ్డకు తినిపించటము వంటి 'ఎంగిలి' అలవాట్లు దీనికి దోహదము చేయవచ్చును. ఇరుకైన ఇళ్ళు, ఒకే మంచముపై ఎక్కువమంది పడుకోవటము, మరుగుదొడ్లు లేకపోవటము, శుభ్రమైన నీరు అందకపోవటము ఉన్నచోట సంక్రమణ ఎక్కువ. నీటి నుండి ఈ జీవిని పెంచి చూపటము చాలా కష్టము. కాని దీని డి.ఎన్.ఏ. పలు దేశములలోని నీటి నమూనాలలో కనిపించింది.

పెద్దవయసులో కొత్తగా సంక్రమించటము అరుదు. జీవన ప్రమాణములు మెరుగుపడిన దేశములలో తరము తరమునకు ఈ సూక్ష్మజీవి గలవారి సంఖ్య తగ్గుతూ వస్తున్నది.

## అజీర్తి

పొట్ట పైభాగంలో నొప్పి, మంట, కొద్దిగా తినగానే కడుపు నిండిపోయినట్లుండటము, తిన్న తరువాత చాలాసేపు బరువుగా ఉండటము, ఉబ్బరము, త్రేన్పులు, వికారము - వీటన్నిటినీ కలిపి అజీర్తి అంటారు. తెలుగునాట దీనికి వాడుకలో 'గ్యాస్ ట్రబుల్' అన్న పేరు స్థిరపడింది.

అజీర్తితో బాధపడేవారికి ఎండోస్కోపీ చేస్తే ఎక్కువమందిలో పుండు గాని, కంతి గాని కనబడదు. ఇటువంటి అజీర్తిని వ్యాపార అజీర్తి అనవచ్చును. అనగా అవయవపు నిర్మాణంలో లోపము లేక, దాని పనితీరులో తేడా వలన కలిగే బాధ. వీరిలో హెలికోబాక్టర్ ఉన్నవారికి దానిని తొలగిస్తే కొందరికి మాత్రమే ఉపశమనము కలుగుతుంది. సుమారు పద్నాలుగుమందికి చికిత్స చేస్తే ఒకరికి అదనంగా బాధ నయమవుతుందని పరిశోధనల సారాంశము. ఆ లాభము చిన్నదే. కాని మిగిలినవారికి కూడా భవిష్యత్తులో పుండు, క్యాన్సరు వచ్చే అవకాశము తగ్గుతుంది. ఈ కారణము చేతనే అజీర్తి ఉన్నవారికి సూక్ష్మజీవి పరీక్ష చేసి, ఉంటే చికిత్స చేయమని వైద్య సంఘములు సూచిస్తున్నాయి.

పొట్ట పైభాగంలో అకస్మాత్తుగా కలిగే బాధ, దానితో చెమటలు, ఆయాసము, ఎడమచేతికి గాని దవడకు గాని పాకే నొప్పి ఉంటే అది అజీర్తి కాక గుండెపోటు కావచ్చును. అటువంటప్పుడు ఆలస్యము చేయరాదు.

### ప్రమాద సూచనలు

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి ఉన్నా మందులతో సరిపెట్టుకొనక ఎండోస్కోపీ చేయించుకోవలెను.

* కారణము లేకుండా బరువు తగ్గటము, ఆకలి మందగించటము
* మ్రింగటము కష్టమవటము
* మాటిమాటికి వాంతులు, ముఖ్యంగా ముందు పూట తిన్నది వాంతిలో కనిపించటము
* రక్తము కక్కటము, మలము తారు వలె నల్లగా జిగటగా ఉండటము
* రక్తహీనత
* పొట్టలో గడ్డ చేతికి తగలటము
* తల్లిదండ్రులలో గాని, తోబుట్టువులలో గాని జఠర క్యాన్సరు ఉండటము
* నడివయసు దాటిన తరువాత మొదటిసారిగా అజీర్తి మొదలవటము

ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్, రాబెప్రజోల్ వంటి మందులు తొలిదశలోని క్యాన్సరు పుండును కూడా పైకి మానినట్లు చేసి, బాధను తగ్గించగలవు. బాధ తగ్గినది కనుక వ్యాధి లేదనుకొనటము పొరపాటు.

## పుండ్లు

ఆంత్రమూలంలో, జీర్ణాశయంలో పడే పుండ్లకు రెండు ముఖ్య కారణములు ఉన్నాయి. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ. రెండవది ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు. కీళ్ళనొప్పులకు, నడుమునొప్పికి రోజూ ఈ మందులు వాడేవారిలో ఈ సూక్ష్మజీవి కూడా ఉంటే పుండు పడే అవకాశము మరింత పెరుగుతుంది. పుండు నుండి రక్తము కారవచ్చును, లేదా జీర్ణాశయానికి చిల్లు పడవచ్చును.

దక్షిణ భారతదేశంలో ఆంత్రమూలపు పుండ్లు ఎక్కువని 20వ శతాబ్దపు తొలి సగంలోనే గుర్తించారు. ఎవరెస్టు యాత్రలలో పాల్గొన్న శస్త్రవైద్యుడు హోవర్డ్ సోమర్వెల్ తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో ఈ పుండ్లకు శస్త్రచికిత్సలు చేశాడు. అప్పట్లో అన్నము ప్రధానమైన ఆహారాన్ని, కారాన్ని కారణములుగా అనుమానించారు. మిరపకారము ఉన్న పుండుకు మంట కలిగించవచ్చును గాని, పుండుకు మూలకారణము కాదని ఇప్పుడు తెలుసు. ఆమ్లము తగ్గించే మందులతో మానిన పుండు, ఆ మందులు ఆపిన ఏడాదిలోపే చాలామందికి తిరగబెట్టేది. సూక్ష్మజీవిని తొలగిస్తే అది తిరగబెట్టటము అరుదు.

## జఠర క్యాన్సరు

జఠర క్యాన్సరు ఒక్కరోజున పుట్టేది కాదు. కొలంబియా దేశంలో పరిశోధనలు చేసిన పెలాయో కొర్రేయా అనే వ్యాధి విజ్ఞాని దీని క్రమాన్ని వివరించాడు. మొదట దీర్ఘకాలపు తాపము. తరువాత ఆమ్లాన్ని ఊరించే గ్రంథులు క్షీణిస్తాయి. ఆపైన జీర్ణాశయపు కణములు ప్రేగు కణముల రూపము దాలుస్తాయి. ఆ తరువాత కణములు వికృతి చెందుతాయి. చివరకు క్యాన్సరు. ఈ మెట్లన్నీ దాటటానికి దశాబ్దములు పడుతుంది. సోకినవారిలో ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

తాపము జీర్ణాశయంలో ఏ భాగాన ఎక్కువగా ఉన్నది అన్నది ఫలితాన్ని నిర్ణయిస్తుంది. క్రింది భాగంలో ఎక్కువగా ఉంటే ఆమ్లము ఎక్కువ ఊరి ఆంత్రమూలంలో పుండు పడుతుంది. వీరికి జఠర క్యాన్సరు వచ్చే అవకాశము తక్కువ. పైభాగమంతా తాపము వ్యాపిస్తే గ్రంథులు క్షీణించి ఆమ్లము తగ్గిపోతుంది. క్యాన్సరు ప్రమాదము వీరికి ఎక్కువ.

జపానులో ఉయెమురా బృందము 1,526 మందిని సగటున 7.8 సంవత్సరాలు పరిశీలించి 2001లో ఫలితములు ప్రకటించింది. సూక్ష్మజీవి ఉన్న 1,246 మందిలో 36 మందికి జఠర క్యాన్సరు వచ్చింది. సూక్ష్మజీవి లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. అన్నవాహిక చేరే చోటును మినహాయిస్తే, జీర్ణాశయపు మిగిలిన భాగములలో వచ్చే క్యాన్సర్లలో సుమారు 90 శాతము ఈ సూక్ష్మజీవికి ఆపాదించదగినవని అంచనా. 'మాల్ట్ లింఫోమా' అనే అరుదైన జఠర క్యాన్సరు కూడా దీనివలన వస్తుంది. తొలిదశలో ఉంటే సూక్ష్మజీవిని తొలగించటంతోనే అది చాలామందికి తగ్గిపోతుంది.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 9.7 లక్షల మందికి జఠర క్యాన్సరు కొత్తగా వచ్చింది, సుమారు 6.6 లక్షల మంది మరణించారు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2025లో వెలువరించిన అంచనా ప్రకారము, 2008-2017 మధ్య జన్మించినవారిలో 1.56 కోట్ల మందికి వారి జీవితకాలంలో ఈ క్యాన్సరు రావచ్చును. వాటిలో 76 శాతము ఈ సూక్ష్మజీవి వలన కలిగేవే, అనగా నివారించదగినవే.

సూక్ష్మజీవి ఒక్కటే కారణము కాదు. ఉప్పు పట్టించి నిలువచేసిన ఆహారము, పొగబెట్టిన మాంసము, పొగత్రాగటము, వంశపారంపర్యము ప్రమాదాన్ని పెంచుతాయి. తాజా పండ్లు, కూరగాయలు తగ్గిస్తాయని భావిస్తున్నారు.

## భారతదేశపు చిక్కుముడి

భారతదేశంలో ఈ సూక్ష్మజీవి గలవారు చాలా ఎక్కువ, జఠర క్యాన్సరు మాత్రము తక్కువ. జపాను, కొరియాలలో ఈ క్యాన్సరు వచ్చేవారి రేటు భారతదేశపు రేటుకు అనేక రెట్లు. మనదేశంలో ఏటా లక్షకు సుమారు అయిదుగురికి ఇది వస్తుంది. ఆఫ్రికాలోని కొన్ని దేశములలో కూడా ఇటువంటి పరిస్థితి ఉండటంతో 1992లో దీనిని 'ఆఫ్రికా చిక్కుముడి' అన్నారు. తరువాత 'భారతదేశపు చిక్కుముడి' అన్న మాట కూడా వాడుకలోనికి వచ్చింది.

దీనికి పలు వివరణలు ఉన్నాయి. తూర్పు ఆసియాలోని క్యాగ్-ఏ రకము మరింత హానికరమైనది. మనదేశపు తెగలలో ఎక్కువగా పాశ్చాత్య రకము ఉన్నది. మనుష్యుల జన్యువులలోని తేడాలు, ఆహారంలోని తేడాలు, దక్షిణాదిన కనిపించే ఆంత్రమూలపు పుండ్ల రకము తాపము కూడా కారణములు కావచ్చును.

అయితే రేటు తక్కువ అన్నమాట పూర్తి ఊరట కాదు. జనాభా పెద్దది కనుక దేశంలో ఏటా 60 వేలకు పైగా కొత్త రోగులు చేరుతున్నారు. దేశమంతటా రేటు ఒకేలా లేదు. మిజోరాంలో ఇది అన్నిటికంటె ఎక్కువ. అక్కడ పొగబెట్టిన మాంసము, పులియబెట్టిన పంది కొవ్వు, పొగాకు పొగ పట్టించిన నీరు వాడుక కారణములుగా గుర్తించారు. ఉత్తర భారతంకంటె చెన్నై వంటి దక్షిణాది నగరములలో ఎక్కువ. మనదేశంలో చాలామందికి వ్యాధి ముదిరిన తరువాతనే బయటపడుతున్నది. తొలిదశలోనే కనిపెట్టే జపానులో, ఆ దశలో చికిత్స పొందినవారు నూటికి తొంభైమందికి పైగా అయిదేళ్ళు దాటి జీవిస్తున్నారు.

## తెలుగునాట పరిశోధనలు

ఈ సూక్ష్మజీవిపై హైదరాబాదులో చెప్పుకోదగిన కృషి జరిగింది. 1991లో డేవిడ్ గ్రాహం తదితరులు ప్రచురించిన పరిశోధన హైదరాబాదు వాసుల రక్తంలో ప్రతిరక్షకములను పరీక్షించి చేసినది. చిన్నతనంలోనే సంక్రమణ వేగంగా పెరుగుతుందని, 20 ఏళ్ళు వచ్చేసరికి అయిదుగురిలో నలుగురికి ఇది సోకి ఉంటుందని అందులో తేలింది.

దక్కన్ వైద్య కళాశాలకు చెందిన కాలేయ పరిశోధనా కేంద్రము ఇంటి పరిశుభ్రతకు, త్రాగునీటికి, ఈ సంక్రమణకు గల సంబంధాన్ని పరిశీలించి 2007లో ప్రచురించింది. కుళాయి నీరు త్రాగేవారికంటె బావినీరు త్రాగేవారిలో, ఇరుకు ఇళ్ళలో నివసించేవారిలో ఇది ఎక్కువగా కనిపించింది.

హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ సంస్థలో నియాజ్ అహ్మద్ బృందము ఈ బాక్టీరియా జన్యువులను అధ్యయనము చేసింది. భారతీయ తెగలు ఐరోపా తెగలతో ఉమ్మడి పూర్వీకులను కలిగి ఉన్నాయని 2007లో వారు ప్రకటించారు. తల్లి నుండి బిడ్డకు సంక్రమించే జీవి కనుక దీని జన్యువులలో మానవుల వలసల చరిత్ర కూడా నిక్షిప్తమై ఉంటుంది. ఆల్ప్స్ పర్వతములలోని మంచులో దొరికిన 5,300 ఏళ్ళనాటి 'మంచుమనిషి' జీర్ణాశయంలో ఉన్న హెలికోబాక్టర్, నేటి ఐరోపా తెగలకంటె మధ్య, దక్షిణ ఆసియా తెగలకు దగ్గరగా ఉన్నదని 2016లో వెల్లడైంది.

## నెల్లూరు తీరప్రాంతము

పై పరిశోధనలలో తేలిన అంశములు తీరప్రాంతపు పల్లెలకు బాగా వర్తిస్తాయి. గూడూరు పట్టణము ప్రక్కన జాతీయ రహదారిపై ఉన్న చిల్లకూరు, దానికి తూర్పున సముద్రము వైపున్న గ్రామములు ఇందుకు ఉదాహరణ. సిలికా ఇసుకకు పేరుపొందిన ప్రాంతమిది. తీరపు ఇసుక నేలలలో మంచినీరు సాధారణంగా పైపొరలోనే దొరుకుతుంది. లోతుకు పోయినకొద్దీ ఉప్పునీరు తగులుతుంది. అందుచేత ఇటువంటి చోట్ల చెలమలు, తక్కువ లోతు బావులు, చేతిపంపులు నీటికి ఆధారము. ఇసుకలో నీరు వేగంగా ఇంకుతుంది. మరుగుదొడ్డి గుంత దగ్గరలో ఉంటే దానిలోని మురుగు కూడా అలాగే బావిలోనికి చేరగలదు. త్రాగే నీరు కాచటము, లేదా క్లోరిన్ కలపటము ఇక్కడ మరింత అవసరము.

ఆహారము విషయంలో ఒక భేదాన్ని గమనించవలెను. నెల్లూరు చేపల పులుసులోని తాజా చేపకు, ఉప్పుచేపకు తేడా ఉన్నది. ఎండుచేపలలో కూడా నెత్తళ్ళ వంటి చిన్నచేపలను ఉప్పులేకుండా ఎండబెట్టవచ్చును. పెద్దచేపలను ఉప్పు దట్టంగా పట్టించి ఎండబెడతారు. క్యాన్సరు ప్రమాదముతో సంబంధము కనిపించినది ఉప్పు ఎక్కువగా పట్టించి నిలువచేసిన ఆహారమునకే. ఎక్కువ ఉప్పు జిగురుపొరను దెబ్బతీసి, సూక్ష్మజీవి చేసే హానిని పెంచుతుంది. ఉప్పుచేపను నీటిలో నానబెట్టి ఉప్పు వదిలించి వండటము, అప్పుడప్పుడు మాత్రమే తినటము మంచిది.

ఎండోస్కోపీ కొరకు ఈ ప్రాంతపు రోగులు నెల్లూరు, తిరుపతి, చెన్నై నగరములకు వెళ్ళవచ్చును. కూలిపని మానుకొని ప్రయాణము చేయవలసి రావటము వలన చాలామంది ఊరిలోని మందుల దుకాణంలో 'గ్యాస్ బిళ్ళ' అడిగి కొనుక్కొని కాలము గడుపుతారు. ఎండోస్కోపీ అవసరము లేని పరీక్షలు కూడా ఉన్నాయని, ప్రమాద సూచనలు ఉన్నప్పుడు మాత్రము ఆ ప్రయాణము తప్పదని తెలుసుకొనటము ఇటువంటివారికి ముఖ్యము.

## వ్యాధి నిర్ధారణ

* ఊపిరి పరీక్ష: గుర్తించదగిన కర్బన పరమాణువులు గల యూరియాను త్రాగించి, ఊపిరిలో వెలువడే బొగ్గుపులుసు వాయువును పరీక్షిస్తారు. సూక్ష్మజీవి ఉంటే దాని యూరియేజ్ ఆ యూరియాను విడగొడుతుంది. ఇది నమ్మదగిన పరీక్ష.
* మల పరీక్ష: మలంలో సూక్ష్మజీవి ప్రతిజనకములను వెదకుతారు. ఇది కూడా నమ్మదగినదే, పిల్లలకు సులువు.
* రక్త పరీక్ష: ప్రతిరక్షకములను చూపుతుంది. సూక్ష్మజీవి పోయిన తరువాత కూడా ప్రతిరక్షకములు చాలాకాలము ఉంటాయి కనుక ఇప్పుడు వ్యాధి ఉన్నదో లేదో దీనితో చెప్పలేరు.
* ఎండోస్కోపీ: గొట్టము ద్వారా జీర్ణాశయాన్ని చూసి, చిన్న ముక్కలు తీసి యూరియేజ్ పరీక్షకు, సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుతారు. పుండును, క్యాన్సరును కనిపెట్టటానికి ఇదే మార్గము.

రక్త పరీక్ష మినహా మిగిలిన పరీక్షలకు ముందు, ఆమ్లము తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులను రెండు వారములు, యాంటీబయాటిక్ మందులను నాలుగు వారములు ఆపవలెను. లేకపోతే సూక్ష్మజీవి ఉన్నా లేనట్లు చూపవచ్చును. వేరే జబ్బుకు వాడే మందులను మాత్రము వైద్యుని అడగకుండా మానరాదు.

## చికిత్స

ఒక్క మందుతో ఈ బాక్టీరియా నశించదు. ఆమ్లము తగ్గించే మందుతోపాటు కనీసము రెండు యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ కలిపిన మూడు మందుల పద్ధతి చాలాకాలము వాడుకలో ఉన్నది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని తెగలు పెరగటంతో, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్‌లతో కూడిన నాలుగు మందుల పద్ధతికి ప్రాధాన్యము పెరిగింది. చికిత్స సాధారణంగా 14 రోజులు. బిస్మత్ వలన మలము, నాలుక నల్లబడవచ్చును, అది తాత్కాలికము. గర్భిణులకు, చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వరు.

టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టినది. అది 1948లో వెలుగులోనికి వచ్చింది.

బాధ తగ్గగానే మందులు మధ్యలో మానటము ప్రమాదకరము. మిగిలిన బాక్టీరియా ఆ మందులకు లొంగని శక్తిని సంతరించుకుంటుంది. భారతదేశంలో మెట్రోనిడజోల్‌కు లొంగని తెగలు చాలా ఎక్కువ. విరేచనములకు ఆ మందును విచ్చలవిడిగా వాడటము దీనికి ఒక కారణము. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెలికోబాక్టర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో, కొత్త మందులు అవసరమైన బాక్టీరియాల జాబితాలో చేర్చింది.

చికిత్స ముగిసిన నాలుగు వారముల తరువాత ఊపిరి పరీక్ష గాని, మల పరీక్ష గాని చేసి సూక్ష్మజీవి పోయినదని నిర్ధారించుకోవలెను. మనవారిలో చాలామంది వదిలివేసే పని ఇదే.

## నివారణ

ఈ వ్యాధికి టీకా వాడుకలోనికి రాలేదు. శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు, భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనటము, పిల్లలకు ఎంగిలి పెట్టకపోవటము సంక్రమణను తగ్గిస్తాయి.

ఆరోగ్యవంతులలో ఈ సూక్ష్మజీవిని తొలగిస్తే జఠర క్యాన్సరు వచ్చే అవకాశము ఇంచుమించు సగానికి తగ్గుతుంది. కొరియాలో జఠర క్యాన్సరు రోగుల తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానము కలిసి 1,676 మందిపై జరిపిన పరిశోధన 2020లో వెలువడింది. సుమారు తొమ్మిదేళ్ళలో, చికిత్స పొందినవారిలో 1.2 శాతము మందికి, ఉత్తుత్తి మందు తీసుకొన్నవారిలో 2.7 శాతము మందికి క్యాన్సరు వచ్చింది. కణములు ప్రేగు కణముల రూపము దాల్చిన తరువాత చికిత్స చేస్తే లాభము తగ్గుతుంది. అందువలన ఆ దశకు ముందే చికిత్స చేయటము మేలు. ఆ దశ దాటినవారికి సూక్ష్మజీవి పోయినా, నిర్ణీత కాలములో ఎండోస్కోపీ అవసరము కావచ్చును.

క్యాన్సరు రేటు తక్కువగా ఉన్న భారతదేశంలో అందరికీ పరీక్షలు చేయటము, అందరికీ యాంటీబయాటిక్ మందులు ఇవ్వటము ఆచరణీయము కాదు. పుండు ఉన్నవారు, తగ్గని అజీర్తి ఉన్నవారు, జఠర క్యాన్సరు రోగుల రక్తసంబంధీకులు, కారణము తెలియని ఇనుపధాతు లోపముతో రక్తహీనత ఉన్నవారు, పూర్వము పుండు ఉండి ఆస్పిరిన్ వంటి మందులు దీర్ఘకాలము వాడవలసినవారు పరీక్ష చేయించుకొని, సూక్ష్మజీవి ఉంటే చికిత్స పొందవలెను.

## ఇవి కూడా చూడండి

* జీర్ణాశయము
* జీర్ణ వ్రణము
* అజీర్తి
* క్యాన్సరు
* యల్లాప్రగడ సుబ్బారావు
* చిల్లకూరు